మా వదిన మీటింగు

మా వదిన కుట్టుమిషను ముందు కూర్చుందంటే లోకంలో ఇంకే పనీ లేనట్టు కూర్చుంటుంది. మెడలో టేపు, పెదవుల మధ్య గుండుసూది, ఆ సందులోంచే మాటలు. అలాంటి మనిషి బడిలో తల్లిదండ్రుల సంఘానికి అధ్యక్షురాలైంది. ఎన్నిక రోజున వచ్చిన ఐదారుగురూ ఎవరిని నిలబెడతారోనని తలలు వంచుకుని కూర్చున్నారట. అప్పుడే ఈవిడకి తుమ్ము వచ్చింది. అందరూ ఇటు తిరిగి చూశారు. ఎన్నిక అయిపోయింది.

అయ్యాక మాత్రం వదిలిపెట్టలేదు. నెలనెలా మీటింగు పెట్టింది. నోటీసులు నాచేత రాయించి పిల్లలతో ఇళ్లకి పంపేది. వాటిలో సగం కాగితపు విమానాలై సందుల్లో ఎగిరేవి, మిగతా సగం పుస్తకాల సంచుల అడుగున నలిగిపోయేవి. వచ్చేది మళ్లీ ఆ ఐదారుగురే. మా జనానికి పిల్లల చదువంటే ఎంత ప్రేమంటే, దాని గురించి ఇంకెవరైనా వెళ్లి మాట్లాడితే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకుంటారు.

"ఎందుకు వదినా ఈ గొడవ? నెత్తిన కిరీటం పెడతారా?" అని ఎత్తిపొడిచేవాణ్ణి.

"నీ నోట మంచిమాట రాదు గానీ, చేతిరాత మాత్రం బాగుంటుందయ్యా. రాయి."

ఆ ఏడాది మధ్యలో పెద్ద టీచరుగారు ఒక కబురు చెప్పారు. బడి వదిలాక పిల్లలు కూర్చుని చదువుకునే సాయంత్రపు గంట ఇక ఉండదు. పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే ఆయా పని మానేసింది. తల్లిదండ్రులు వంతులు వేసుకుని తామే చూసుకుంటామంటే గది తెరిచి ఉంచుతారు. అయితే ఆ మాట నలుగురు చెబితే చాలదు. సగం ఇళ్లవాళ్లయినా శనివారం మీటింగుకి స్వయంగా వచ్చి చెప్పాలి. లేకపోతే గేటుకి తాళం.

ఆ తాళం ముందుగా పడేది మా ఇంటి మీదే. అన్నయ్య పంపులు బాగుచేసే షెడ్డు నుంచి చీకటి పడితే గాని రాడు. నాది గోడౌనులో రెండో షిఫ్టు. ఆ గంట లేకపోతే మా అమ్మాయి, అంటే అన్నయ్య కూతురు, వదిన కుట్టుకొట్లో బల్లకింద గుడ్డపీలికల మధ్య కూర్చుని లెక్కలు చేసుకోవాలి. సెలవుల్లో ఒకసారి చూశాం ఆ వైభోగం. మిషను చప్పుడుకి చెవులు మూసుకుని, పుస్తకం ముక్కుకి ఆనించుకుని, ఎక్కం ఎక్కడ ఆగిందో మరిచిపోయి మళ్లీ మొదటికొచ్చేది.

"ఈసారి నోటీసు వద్దు," అంది వదిన. "రమ్మంటే చూద్దాంలే అంటారు. ఏదైనా పని అప్పజెబితే వస్తారు."

కొలతలివ్వడానికి వచ్చినవాళ్ల ఒంటిచుట్టూ టేపు బిగించి, వాళ్లు కదల్లేని సమయం చూసి చెప్పేది. "శనివారం మీటింగుకి ఒక ఫ్లాస్కు టీ తేవాలి. నిన్నే నమ్ముకున్నా. నువ్వు రాకపోతే అందరం నోళ్లు ఎండగట్టుకుని కూర్చోవాలి." కొట్టుకి రానివాళ్ల ఇళ్లకి వెళ్లి మరీ చెప్పింది. అందరికీ అదే పని, అదే మాట.

"అందరూ తెస్తే ఏం చేస్తావ్?" అన్నాను.

"పదిమంది సరేనంటే ఒకడొస్తాడు. ఈ లెక్క నాకు అలవాటేలే."

నేను కూడా నమ్మాను. మనుషుల మీద నాకున్న అభిప్రాయానికి ఆ లెక్క చక్కగా సరిపోయింది.

శనివారం వదినా నేనూ మా అమ్మాయిని వెంటబెట్టుకుని ముందే వెళ్లి కూర్చున్నాం. మొదట ఆటో అన్న వచ్చాడు, చంకలో ఫ్లాస్కుతో. తర్వాత మంగలిషాపు బాబాయి, ఫ్లాస్కుతో. ఆసుపత్రి నర్సమ్మ, ఫ్లాస్కుతో. తర్వాత గుమ్మంలో ఖాళీ లేదు. ఎర్రవి, పువ్వులవి, పిడి విరిగితే తాడు కట్టినవి. చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఒకరి ఒళ్లోది ఒకరు చూసుకున్నారు.

"నీకూ చెప్పిందా?"

"నాకొక్కదానికే అనుకున్నానే!"

మంగలి బాబాయి లేచాడు. "ఏమమ్మా ప్రెసిడెంటూ, నా ఒక్కడి మీదే ఆశ పెట్టుకున్నానన్నావు?"

"పెట్టుకున్నాను బాబాయ్. ఒక్కొక్కరి మీదా విడివిడిగా పెట్టుకున్నాను."

కొందరు నవ్వారు. నర్సమ్మ నవ్వలేదు. రాత్రి డ్యూటీ చేసి, పడుకోకుండా టీ కాచి తెచ్చిన మనిషి. "మేం పిచ్చివాళ్లలా కనిపిస్తున్నామా?" అంటూ ఫ్లాస్కు అందుకుంది. ఆవిడతో ఇంకో నలుగురు లేచారు. గుమ్మం దగ్గర పెద్ద టీచరుగారు తలలు లెక్కపెడుతున్నారు. వాళ్లు గడప దాటితే సగం ఉండదు.

వదిన మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుంది. "తప్పు నాదే నర్సమ్మా. ఇద్దరో ముగ్గురో వస్తారనుకున్నా. మిమ్మల్ని అంతకంటే నమ్మలేదు. నన్ను తిట్టు, పడతాను. కానీ కూర్చుని తిట్టు. నువ్వెళ్తే పిల్లల గది పోతుంది."

నర్సమ్మ ఫ్లాస్కు మళ్లీ బెంచీ మీద పెట్టింది. తర్వాత ఆటో అన్న వైపు తిరిగి, "జరుగు," అంది. "తిట్టడానికి చాలానే ఉంది. ముందు గొంతు తడుపుకోవాలి. కప్పులేవి?"

కప్పులు తెమ్మని వదిన ఎవరికీ చెప్పలేదు.

గది మొత్తం పగలబడి నవ్వింది. మూతలు ఊడదీశారు. ఒకరి టీ ఇంకొకరి మూతలోకి పోశారు.

"ఇది టీయా, బట్టలుతికిన నీళ్లా?"

"నీ పెళ్లాం చేతి టీ ఇంత బాగుంటే పొద్దస్తమానం మా టీకొట్టు ముందు ఎందుకు కూర్చుంటావురా?"

పెద్ద టీచరుగారికి పువ్వుల ఫ్లాస్కు మూత దక్కింది. ఒక గుక్క తాగి, "ఎక్కువైంది," అన్నారు.

"చక్కెరా మేడమ్?"

"జనం. సగం కంటే ఎక్కువైంది. వంతుల సంగతి తేల్చండి."

సోమవారం తనదని ఆటో అన్న అన్నాడు. నిద్ర లేచి వచ్చేసరికి సరిపోతుందని మంగళవారం నర్సమ్మ తీసుకుంది. బుధవారం కోసం ఇద్దరు పోట్లాడుకున్నారు. నేను గురువారం అన్నాను, షిఫ్టు మార్చుకుని. అందరూ నా వైపు చూశారు. నేనూ ఆశ్చర్యపోయాను.

మీటింగు ముగిసిందని చెప్పాల్సింది వదిన. ఆ మాట చెప్పే అవసరం ఇంతకుముందెప్పుడూ రాలేదు, జనం చెప్పకుండానే లేచిపోయేవారు. ఇప్పుడు అందరూ కూర్చునే ఉన్నారు. ఆవిడ నోరు తెరిచింది, మళ్లీ మూసింది, వచ్చి మా అమ్మాయి పక్కన బెంచీ మీద ఇరుక్కుని కూర్చుంది. ఎవరో ఆవిడ చేతిలో టీ పెట్టారు.