కాగితంలో లేని లైను

తిరుపతిలో రైలు దిగేసరికి మధ్యాహ్నం రెండున్నర. జూలై నెల. మబ్బు ఉంది, వాన లేదు. అంతకు ముందు పద్నాలుగు నెలలు మంచు కొండల్లో ఉన్నవాణ్ణి, ప్లాట్‌ఫారం మీదే చొక్కా వీపుకు అతుక్కుంది. చేతిలో నల్ల ట్రంకు పెట్టె, భుజాన పరుపుచుట్ట. చిత్తూరు దారిలో గంటన్నర బస్సెక్కితే మా ఊరు. అయినా వెళ్ళడానికి లేదు. వచ్చింది డ్యూటీ మీద, పన్నెండు రోజులు.

ఊరి బయట ఒక కాలేజీ మైదానంలో సైన్యంలోకి భర్తీ జరుగుతోంది. ఎర్రమట్టి, గులకరాళ్ళు, నాలుగు రేకుల షెడ్లు. ఎటు తిరిగినా కొండ కనబడుతుంది. పరుగు, ఎత్తు, ఛాతీ కొలత నేను చేరిన నాడూ ఉన్నాయి. మనసుకు పరీక్ష పెట్టడం మాత్రం కొత్త. దానికి పైనుంచి తొమ్మిది పేజీల పాలసీ వచ్చింది. నేను పదో తరగతి అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాణ్ణి. మా సుబేదారు సాబ్ చదివి నాకు కావలసింది చెప్పాడు. అభ్యర్థులకు సూచనలు తెలుగులో చదవాలి. ప్రశ్నలు ట్యాబ్ మీద వస్తాయి, అవును, కాదు అని నొక్కాలి. కొన్నిటికి అవునంటే ఆ మనిషిని డాక్టర్ మేడమ్ పిలిపిస్తుంది. అక్కడ వాడి మాటను నేను హిందీలో చెప్పాలి. తప్పినవాడికి కారణం మాత్రం ఎవరూ చెప్పకూడదు.

"ఉన్నది చదువు. కలపకు, తీయకు" అన్నాడు సాబ్. ఆయనది హిమాచల్. తెలుగు ఒక్క ముక్క రాదు.

పని తక్కువ, నిలబడడం ఎక్కువ. మంచులో ఆరు గంటల సెంట్రీ కాసినా నాకు కాళ్ళు ఇట్లా పీకలేదు. షెడ్డు ఈ కొసనుంచి ఆ కొసకు నలభై రెండు అడుగులు. రోజూ ఎన్నిసార్లు తిరిగేవాణ్ణో.

మూడో రోజు. పొద్దున ఐదున్నర. నలభై మంది వరసలో కూర్చున్నారు. నేను వాళ్ళ వెనక నిలబడి ఉన్నాను.

"ఏమడిగినా కాదనే కొట్టప్పా. కోపమొస్తాదా? కాదు. ఏడుపొస్తాదా? కాదు. మా కోచింగు సారు సెప్పినాడు."

"అట్లయితే మనల్ని మనుషులనుకోరు రా, బొమ్మలనుకుంటారు."

"బొమ్మకే ఉద్యోగమిస్తారు. నీ మాదిరి నిజాలు మాట్లాడేటోనికి యాడిస్తారు?"

అందరూ నవ్వారు. అట్లా మాట పడ్డవాడి ఛాతీ నంబరు ఇరవై ఏడు. పేరు మునిశేఖర్, తిరుపతి పిల్లవాడే. తిరుచానూరులో పూల మూటలు దించే పని. కాగితాలు చూసినప్పుడే గమనించాను, వచ్చే ఏడుకు వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరుసారి.

లోపల సూచనల కాగితంలోని నాలుగు లైన్లూ చదివాను. అందరి ముఖాల్లో కోచింగు పాఠమే కనబడింది. నోరు ఊరుకోలేదు.

"నిజం సెప్పండప్పా. నిజం సెప్పినోనికి ఈడ ఏం కాదు. నాది పూచీ" అన్నాను.

బయటికి రాగానే సుబేదారు సాబ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "కాగితంలో నాలుగు లైన్లు. నువ్వు ఐదు చదివావు."

"మీకు తెలుగు రాదు కదా సాబ్?"

"లెక్క వచ్చు. నీ పేరు నాయబ్ సుబేదారు ప్రమోషను లిస్టులో ఉంది. ఇంకోసారి కలిపావంటే అది తీయించేది నేనే."

ఎనిమిదీ పదికి వాకీటాకీ పలికింది. "హాల్, గేట్ మాట్లాడుతోంది. ముప్పై తొమ్మిది మందే బయటికొచ్చారు. ఓవర్."

"గేట్, ఒకడు మేడమ్ దగ్గరికి. ఓవర్."

ఇరవై ఏడు. ట్యాబ్ మీద వాడు నొక్కినవి ఇవి: వీధిలో తెలియనివాళ్ళను బూతులు తిట్టారా? అవును. మీలోంచి వేరేవాళ్ళు మాట్లాడినట్టు ఉంటుందా? అవును.

మేడమ్ మేజరు ర్యాంకు. మెత్తని మనిషి. ఎవరిని తిట్టావని అడిగింది. నేను తెలుగులో అడిగాను.

"అందరినీ మేడమ్. కనబడినోళ్ళనంతా. ప్రతి ఏడూ."

"వాళ్ళు కొట్టరా?"

"కొట్టేదేంది? దండం పెడతారు. తిట్టకుండా పోతే ఎనక్కి పిలిచి మరీ తిట్టించుకుంటారు."

"నీలోంచి మాట్లాడేది ఎవరు?"

"అమ్మ. ఆ పూట నా నోట్లో మాట నాది కాదు."

మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. గంగమ్మ జాతర. వాళ్ళ ఇంటి మొక్కు. ఒంటికి బొగ్గు పూసుకుని, వేపమండ పట్టుకుని, వేషం కట్టినవాడు వీధివీధీ తిట్టుకుంటూ పోతాడు. ఆ తిట్టు తగిలితే ఏడాదంతా జబ్బు రాదని మా అమ్మ నన్ను చంకనేసుకుని తీసుకొచ్చి మరీ తిట్టించేది. పిల్లవాడు జాతర పేరు ఎత్తలేదు. అది తెలియనివాళ్ళు లోకంలో ఉంటారని వాడికి తోచలేదు. నేను మాటకు మాట హిందీలో చెప్పాను. ఆ హిందీ నా చెవికే పిచ్చివాడి మాటలా వినబడింది.

వాడు సెల్యూట్ కొట్టి బయటికి వెళ్ళాడు. మేడమ్ కలం పట్టుకుని నావైపు చూసింది.

"హవల్దార్, మీది ఈ వైపే కదా. నాకు తెలియనిది ఇందులో ఏమైనా ఉందా?"

ఆమే అడిగింది. ఒక్క వాక్యం చాలు. గుమ్మంలో సుబేదారు సాబ్ నిలబడి ఉన్నాడు.

"లేదు మేడమ్" అన్నాను.

ఆమె రాసుకుంది.

ఆ తర్వాత రెండుసార్లు ఆమె గది దాకా పోయి వెనక్కి వచ్చాను. సాయంత్రం ఐదింటికి లిస్టు అంటించారు. ఇరవై ఆరు ఉంది. ఇరవై ఎనిమిది ఉంది.

మిగిలిన రోజులు నాలుగు లైన్లే చదివాను. సాబ్ మెచ్చుకున్నాడు.

పన్నెండో రోజు మధ్యాహ్నం మూడింటికి మమ్మల్ని లారీ ఎక్కించారు, గూడూరులో పైకి పోయే రైలు పట్టుకోవాలి. మైదానం గేటు దాటగానే ఎవరో పక్కన పరుగెత్తుతున్నారు. మునిశేఖర్. వెనక తలుపు అంచు ఒక చేత్తో పట్టుకుని లారీతో సమానంగా వస్తున్నాడు.

"అన్నా! నాకు యాడ తప్పిందో సెప్పన్నా. ఎవురూ సెప్పడంలేదు. తెలిస్తే సరిసేసుకుంటా!"

సాబ్ ముందు సీట్లో ఉన్నాడు. వినబడదు. అయినా నేను, "నాకు తెలీదప్పా" అన్నాను.

గూడూరు, ఢిల్లీ, మళ్ళీ మంచు. మరుసటి ఏడు భుజం మీదికి నాయబ్ సుబేదారు పట్టీ వచ్చింది. ఇప్పుడు పింఛను మీద ఇంట్లో ఉన్నాను. పిల్లలు చుట్టూ చేరి బార్డరు కథ చెప్పమంటారు. చెబుతాను, చెబుతూనే లేచి వసారాలో తిరుగుతాను.

నాకు కళ్ళ ముందు ఆడేది బార్డరు కాదు. వాడికి ఊపిరి ఎగబోయలేదు. ఇంకా మైలు దూరం రాగలడు. నేను తెలీదన్నాను. వాడు నమ్మాడు. "సరేలే అన్నా, జాగర్తగా పో" అని తలుపు మీదినుంచి చెయ్యి తీసేశాడు.