అధ్యక్షుడుగారి శవయాత్ర

మా సమ్మెలో రోజుకో వేషం. ఒకరోజు ఎర్రటి ఎండలో మోకాళ్ళ మీద నిలబడ్డాం. ఇంకోరోజు బజారులో చిప్పలు పట్టుకుని అడుక్కున్నాం. మరో రోజు చీపుళ్ళు పట్టుకుని రోడ్లు ఊడ్చాం. ఊరికే టెంటు కింద కూర్చుంటే లోకల్ ఛానెల్ వాడు కెమెరా సంచి జిప్పు కూడా తియ్యడు. యానాంలో మా బతుకుల గురించి ఏం తేల్చాలన్నా పాండిచ్చేరిలో తేల్చాలి. అంత దూరాన ఉన్నవాళ్ళకి మేమున్నామని గుర్తు రావాలంటే కోతివేషాలు తప్పవని సంఘం అధ్యక్షుడుగారు చెప్పేవారు.

సమ్మెలో రెండు రకాల వాళ్ళం ఉన్నాం. కాంట్రాక్టు టీచర్లకి నెల జీతం వస్తుంది, ఎంత తక్కువైనా. గెస్టు టీచర్లకి చెప్పిన పాఠానికే డబ్బులు. సెలవులొస్తే పస్తు, జ్వరమొస్తే పస్తు. గెస్టు అంటే అతిథి అట. అతిథిని ఇంత బాగా చూసుకునే ఇల్లు నేను ఇంకెక్కడా చూడలేదు. నేను గెస్టుని. మా ఆయన వంతెన మీద లారీ కింద పడి పోయాక ఈ పనితోనే అడవిపొలంలో ఒక చిన్న అద్దె ఇంట్లో నిలబడ్డాను. పని పోతే అగ్రహారంలో తమ్ముడి ఇంటి వెనక గదే గతి. ఆ గదిలో అప్పట్లో ధాన్యం బస్తాలు, పాత సైకిలు ఉండేవి. నా మరదలు ఆ గది మాట ఎత్తినప్పుడల్లా, "మీకోసం ఎప్పుడైనా ఖాళీ చేయిస్తాను వదినగారూ" అనేది. ఆ మాటలో ఉన్న ప్రేమ నాకు తెలుసు. అందుకే సమ్మెలో అందరికన్నా ముందు వరసలో కూర్చున్నాను.

మొదటిరోజే అధ్యక్షుడుగారు మైకులో మాట ఇచ్చారు. కాంట్రాక్టు వాళ్ళైనా గెస్టు వాళ్ళైనా ఒక్కళ్ళని వదిలేసి సంతకం పెడితే తన పేరు మార్చుకుంటానన్నారు. ఆయన కాంట్రాక్టు టీచరే. నాకన్నా పెద్దవారు, నన్ను అమ్మా అని పిలిచేవారు. నేను నమ్మాను. నమ్మక ఏం చేస్తాను?

చివరికి శవయాత్ర అన్నారు. టీచరు చచ్చిపోయాడని పాడె కట్టి, డప్పులు పెట్టి, ఊరంతా తిప్పి అడ్మినిస్ట్రేటర్ ఆఫీసు ముందు దించాలి. శవంగా పడుకోవడానికి మొదట ఎవరూ ముందుకు రాలేదు. బతికుండగా పాడెక్కితే ఆయుష్షు పెరుగుతుందని ఎవరో అనగానే ఆ వేషం అధ్యక్షుడుగారే తీసుకున్నారు. ఇక శవం పక్కన పెళ్ళాం ఉండాలి. జుట్టు విరబోసుకుని, బొట్టు లేకుండా ఏడవాలి. అప్పుడు చూడాలి మా ఆడవాళ్ళ తొందర. ఒకావిడకి అత్తగారు టీవీలో చూస్తుందని భయం. ఒకావిడ కడుపుతో ఉంది. చర్చికెళ్ళే టీచరు, పాటలు ఎన్నయినా పాడతాను గానీ ఇలాంటివి పాస్టరుగారు ఒప్పుకోరంది. తర్వాత ఒక్కొక్కరే మాటలు ఆపేసి నా వైపు చూడ్డం మొదలుపెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు. అంత మర్యాదస్తులు.

అధ్యక్షుడుగారే గొంతు తగ్గించి అన్నారు. "నీకైతే పట్టింపు ఏటుంటదమ్మా? ఎలాగూ..."

ఎలాగూ దగ్గర ఆగిపోయారు. మిగతాది నేనే పూరించుకున్నాను. సరే అన్నాను. ఉద్యోగం కోసం చిప్ప పట్టినదాన్ని, ఏడవలేనా?

మర్నాడు పొద్దున్న టెంటు దగ్గర పాడె సిద్ధమైంది. పచ్చి వెదురు, కొత్త తెల్లగుడ్డ, బంతిపూల దండలు. అధ్యక్షుడుగారిని పడుకోబెట్టి తాళ్ళతో కట్టేశారు, ముక్కుల్లో దూది పెట్టారు. నేను తలదగ్గర కూర్చున్నాను. మిగతావాళ్ళు డప్పులవాళ్ళతో బేరంలో ఉన్నారు. అప్పుడు ఆయన గుడ్డ కింద ఫోను మోగింది. చేతులు కట్టేసి ఉన్నాయి కదా, తీసి చెవి దగ్గర పెట్టమని కళ్ళతోనే సైగ చేశారు. పెట్టాను. పాండిచ్చేరి నుంచి, ఎవరో ఆఫీసరు.

శవం ముక్కుతో మాట్లాడింది. "కాంట్రాక్టు వాళ్ళ వరకు ఇచ్చెయ్యండి సార్. గెస్టు వాళ్ళని ఇప్పుడు తియ్యకపోతే ఫైలు కదలదంటే తీసెయ్యండి. వాళ్ళకి నేను చెప్పుకుంటాను."

ఫోను నా చేతిలోనే ఉంది. ఆయన నన్ను చూశారు. నేనూ ఆయన్ని చూశాను. ఏదో ఒకటి చెబుతారేమోనని ఎదురుచూశాను. కళ్ళు మూసుకున్నారు. ఆ వేషంలో అంతకన్నా సౌకర్యం ఏముంటుంది? డప్పులు మొదలయ్యాయి, నలుగురు మగాళ్ళు పాడె ఎత్తారు.

బజారు మధ్యలో దించారు, కెమెరా కోసం. ఏడవమన్నారు. ఏడ్చాను. ఆడది మొగుడి శవం మీద పడి ఏడిస్తే ఏమైనా అనొచ్చు, ఎవరూ నోరు మూయించరు. ఆ హక్కు ఆ రోజు పూర్తిగా వాడుకున్నాను.

"నమ్మించి నట్టేట ముంచేశావు కదయ్యా! ఒక్కళ్ళని కూడా వదల్నని మైకులో చెప్పావు కదయ్యా! పాడె మీద పడుకుని కూడా బేరం ఆడేశావు కదయ్యా! నీ నోట్లో మట్టడిపోను, నన్నమ్మేశావు కదయ్యా!"

నా గుండెలు బాదుకోవాలి. ఆయన గుండెలు బాదాను. రెండు చేతులతో, పిల్లాడికి లెక్క రాకపోతే బల్ల చరిచేదాన్నే, అంత గట్టిగా. శవానికి చెమటలు పట్టాయి, కనురెప్పలు కొట్టుకున్నాయి. "చాలమ్మా, చాలు" అని పెదవులు కదపకుండా గొణిగారు. కెమెరా ఆయన ముఖం మీదే ఉంది, లేవలేరు. తాళ్ళు కూడా గట్టిగానే కట్టారు. జనం ఈలలు వేశారు. మా టీచర్లు చప్పట్లు కొట్టారు. నేను అరిచిన ప్రతి మాటకీ చప్పట్లు. గెస్టు టీచర్లే అందరికన్నా ఎక్కువ కొట్టారు. తమ చావు కబురు చెబుతున్నానని వాళ్ళకి అర్థం కాలేదు. బాగా చేస్తున్నాననుకున్నారు.

ఒక్క ముసలామె మాత్రం చేపల బుట్ట కింద పెట్టి నా పక్కన చతికిలబడింది. నా వీపు నిమిరి, "ఏడువమ్మా, కడుపులో ఎట్టుకోకు" అంది. అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఎవరో ఆమెతో ఇదంతా సమ్మె, డ్రామా అని చెప్పారు. ఆమె నా వీపు మీంచి చెయ్యి తీసేసింది. ఛీ అని లేచి, బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. పాడె కూడా లేచింది. నేను వెనకాలే నడిచాను.

సాయంత్రం టెంటులో ఒక్కొక్కరికీ చెప్పాను. ఫోనులో విన్నది విన్నట్టు చెప్పాను. అధ్యక్షుడుగారు నవ్వి, ఆవిడ ఇంకా వేషంలోంచి బయటికి రాలేదన్నారు. అందరూ నవ్వారు. గెస్టు వాళ్ళూ నవ్వారు.

తర్వాత పాండిచ్చేరి నుంచి ఉత్తర్వు వచ్చింది. కాంట్రాక్టు వాళ్ళకి జీతాలు పెరిగాయి. సమ్మె విరమణకని ఎవరో పెద్దమనిషి నిమ్మరసం పట్టుకొచ్చాడు, అధ్యక్షుడుగారి మెడలో దండలు పడ్డాయి, మళ్ళీ బంతిపూలే. గెస్టు వాళ్ళ సంగతి రెండో విడతలో చూస్తామన్నారు. ఆ రెండో విడత వచ్చేలోగా వాట్సాప్‌లో మెసేజి వచ్చింది, వచ్చే ఏడాది నుంచి మా సేవలు అక్కర్లేదని. నేను ఏడ్చిన వీడియో కూడా ఆ వాట్సాప్‌లోనే తిరుగుతూ ఉండేది, నవ్వే బొమ్మలతో. ఆ బొమ్మలు పెట్టినవాళ్ళలో నేను అక్షరాలు దిద్దించిన పిల్లల తల్లులున్నారు. వాళ్ళని నేను క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

ధాన్యం బస్తాలు బయటికి వెళ్ళాయి, నేను లోపలికి వచ్చాను. సైకిలు మాత్రం అక్కడే ఉంది. వచ్చిన మొదటిరోజే మరదలు ఆ వీడియో చూపించి, "అన్నయ్యగారు పోయినప్పుడు కూడా ఇంతలా ఏడవలేదు కదా వదినగారూ" అంది. అది నిజమే. అప్పుడు పోలీసులు, పోస్టుమార్టం, సంతకాలు. ఏడవడానికి నన్నెవరు వదిలారు?

ఈమధ్య అధ్యక్షుడుగారి నుంచి ఫోను వచ్చింది. పర్మనెంటు చెయ్యమని కాంట్రాక్టు వాళ్ళు మళ్ళీ సమ్మెకి కూర్చున్నారట. మళ్ళీ శవయాత్ర పెడతారట.

"నీలాగ ఏడ్చేవోళ్ళు మాకెవరున్నారమ్మా?" అన్నారు.

"ఈసారి నిజంగా పోయాక కబురెట్టండి సార్. పిలవకపోయినా వస్తాను."

ఆయన పగలబడి నవ్వారు. ఇందుకే నిన్ను పిలుస్తున్నదని, ఆదివారం పొద్దున్నే వచ్చెయ్యమని చెప్పి ఫోను పెట్టేశారు.

వంటింట్లోంచి మరదలు ఎవరని అడిగింది. ఏడవడానికి పిలుస్తున్నారని చెప్పాను.

"వెళ్ళండి వదినగారూ" అంది. "ఇక్కడ ఖాళీగానే ఉంటున్నారు కదా."