ఎడంచేతి కత్తి పోయిన రోజు

డెబ్బై ఎనిమిదో సంవత్సరం, చైత్రమాసం, ఆదివారం, సాయంత్రం నాలుగూ పది. మా ఇంట్లో కత్తి పోయింది అప్పుడే. టైము ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నానంటే, ఆదివారం నాలుగున్నరకి రాహుకాలం వస్తుంది. ఆలోపు మా చెల్లెల్నీ దాని పసిపిల్లనీ అత్తారింటికి సాగనంపాలని భోజనాలయిన దగ్గర్నుంచీ మా అమ్మ గడియారం చూస్తూనే ఉంది.

దొంగతనం పట్టపగలు జరిగింది. ఇంటిల్లిపాదీ అక్కడే ఉన్నాం.

నాకు నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలొచ్చాయి. అంతకుముందు నాకు తెలిసినవి రెండే, వ్యవసాయం, కత్తులు. వ్యవసాయం తిండికి. కత్తులు సరదాకి. రాతలో తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి.

మాది ధవళేశ్వరానికి దిగువన కాలవగట్టు మీద ఊరు. మా చెల్లెలు నాకన్నా పదేళ్ళు చిన్నది. నాన్న తొందరగా పోయాడు కాబట్టి దాన్ని ఎత్తుకు తిప్పింది నేనే. దానిది ఎడంచేతి వాటం. అన్నం మాత్రం కుడిచేత్తో తినడం అమ్మ ఎలాగో నేర్పింది. కత్తి దగ్గర అమ్మ ఆటలు సాగలేదు. మా ఊరి కమ్మరి కత్తులన్నీ ఒకపక్కే సాన పట్టేవాడు. కుడిచేతికి అది బాగుంటుంది. ఎడంచేత్తో పడితే కత్తి తిన్నగా దిగదు, పక్కకి లాగేస్తుంది. ఒక ముక్క లావు, ఒక ముక్క సన్నం, మధ్యలో వేలు.

"దీన్ని రెండోపక్క సాన పట్టి ఇవ్వు బాబాయ్" అని కమ్మరిని అడిగాను.

"ఎడంచేతికి కత్తి చేస్తే నా కొలిమి ఆరిపోద్దిరా. అంత ముద్దయితే నువ్వే చేసిపెట్టు మీ చెల్లికి. బొగ్గులు కూడా నువ్వే తెచ్చుకో."

ఎగతాళికే అన్నాడు. నేను మర్నాడే కొబ్బరిచిప్పల బొగ్గు ఒక బస్తా మోసుకెళ్ళి ఆయన కొలిమి ముందు కూర్చున్నాను. ఇంక ఏమంటాడు? తిట్టుకుంటూనే జరిగి చోటిచ్చాడు.

నా మొదటి కత్తి నూనెలో ముంచగానే టప్పున చీలింది. ఆ తరవాతది అరటిపండులా వంగింది. ఆ తరవాతది చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది గానీ వంకాయ తెగలేదు. "వెన్న కోసుకోండిరా దీంతో" అన్నాడు కమ్మరి. చివరికి విరిగిన లారీ కమానుపట్టీ ముక్కతో కుదిరింది. పిడికి చింతచేవ. పిడి ఏ ఆకారంలో ఉండాలో తెలియక, కాలవ బంకమట్టి ముద్ద మా చెల్లెలి ఎడంచేతిలో పెట్టి గట్టిగా పిసకమన్నాను. దాని వేళ్ళ గుంటలు ఎక్కడ పడ్డాయో చూసుకుంటూ చెక్కాను. ఆ కత్తి పట్టుకుని అది గుమ్మడికాయ కోసి, వేళ్ళన్నీ చాపి నాకు చూపించింది. ఒక్క గాటు లేదు.

నాకు అక్కణ్ణుంచి పిచ్చి పట్టింది. పొలం పని లేని రోజల్లా కొలిమి దగ్గరే. చేసినవి అమ్మేవాణ్ణి కాదు. పాత కత్తి ఇస్తే కొత్త కత్తి ఇచ్చేవాణ్ణి. కల్లు గీసేవాళ్ళ కత్తులు, చేపలమ్మే ఆవిడ కత్తి, అరటితోటలో ఆకులు కోసే కత్తి, అన్నీ వాళ్ళ చేతుల్లో సగానికి సగం అరిగినవే. వీధి అరుగుమీద గోడనిండా మేకులు కొట్టి తగిలించాను. కొత్త కత్తిలో చూడ్డానికేం ఉంటుంది? అరిగిన కత్తి చూస్తే ఎవరిదో చెప్పొచ్చు. మా ఆవిడకి మాత్రం ఆ గోడంటే పడేది కాదు. "దారినపోయేవాళ్ళు ఆగి మాంసం కిలో ఎంతని అడుగుతున్నారండీ" అనేది. అబద్ధం. ఒక్కడే అడిగాడు.

పనసపొట్టు కొట్టడంలో మా చెల్లెలి పేరు ఊరందరికీ తెలుసు. పచ్చి పనసకాయ చెక్కు తీసి, చేతికీ కత్తికీ నూనె రాసుకుని, చెక్కమీద పెట్టి టకటకా కొట్టాలి. కొబ్బరి కోరులా రాలాలి. ముక్కలుగా పడితే ఆవ పెట్టినా పట్టదు. పెళ్ళిళ్ళకి దాన్ని పిలిచి కొట్టించుకునేవాళ్ళు.

రాజమండ్రి సంబంధం. మా బావగారు మంచివాడు, నోట్లో నాలుక లేనివాడు. నాలుకంతా వాళ్ళమ్మగారికే ఉంది. కోడలు కాపురానికొచ్చిన రోజే ఆవిడ చెప్పేశారట, "మా వంటింట్లో ఎడంచెయ్యి పనికిరాదమ్మా." కత్తి కూడా మా ఇంట్లోనే ఉండిపోయింది. పుట్టింటి నుంచి ఆడపిల్లకి ఇనుము పంపకూడదని మా అమ్మ పట్టు. పురిటికి తీసుకొచ్చినప్పుడు చూస్తే చెల్లెలి వేళ్ళకి గుడ్డపేలికలు.

"ఏంటే ఇది?"

"కుడిచేత్తో కోస్తున్నాను అన్నయ్యా. వచ్చేస్తుందిలే."

రాలేదు. వచ్చేదయితే ఇరవయ్యేళ్ళలో ఎప్పుడో వచ్చేది. తీసుకెళ్ళడానికి అత్తగారు వస్తున్న రోజు పొద్దున్నే నా దగ్గరకొచ్చి నిలబడింది. "నా కత్తి నాతో పంపించు. ఆ చేత్తోనే కోసుకోనిమ్మని అత్తయ్యగారితో ఒక్కమాట చెప్పు" అంది. ఏనాడూ నన్నేదీ అడగని పిల్ల. మొదటిదానికి మా అమ్మ ఒప్పుకోదు. రెండోదానికి ఆవిడ ఒప్పుకోరు. నేనేమో నోరు తెరిస్తే మాట గునపంలా దిగుతుంది. "చూద్దాంలే" అన్నాను. అది నా మొహం వంక చూసి, నూనెగిన్నె తీసుకుని పనసకాయ ముందు కూర్చుంది.

వియ్యపురాలుగారు, బావగారు అద్దెకారులో వచ్చారు. భోజనాల దగ్గర రెండో ముద్దకే ఆవిడ ఆగారు.

"వదినగారూ, ఈ పొట్టు బజార్లో కొట్టించారా అండీ?"

"బజారెందుకండీ, మా పిల్లే కొట్టింది."

"మీ పిల్లా! మా ఇంట్లో కొడితే గేదెలకి నరికిన గడ్డిలా ఉంటుంది కదండీ!" ఆవిడ కోడలివైపు తిరిగారు. "ఏ చేత్తో కొట్టావే?"

చెల్లెలు పిల్లని భుజాన మార్చుకుంది. "ఆ చేత్తోనే అత్తయ్యగారూ."

బావగారు విస్తట్లో ఉప్పు వెతుక్కున్నారు. ఆవిడ మారు వడ్డించుకున్నారు, అది కూడా కూరే.

తరవాత అరుగుమీదకొచ్చి నా గోడ చూశారు. "ఏంటి బాబూ ఇది, యుద్ధానికేమైనా వెళ్తావా?"

"లేదండి. సరదా."

"మరి పొట్టు కొట్టిన కత్తేది?"

లోపల్నుంచి తెచ్చి అరుగుమీద పెట్టాను. కత్తి చేతికిస్తే గొడవలొస్తాయని మావైపు చేతికివ్వం. ఆవిడ తీసుకుని అటూఇటూ తిప్పారు. మిగిలిన పనసచెక్క ఒకటి తెప్పించుకుని, కొంగు దోపి, కుడిచేత్తో కొట్టడం మొదలెట్టారు. ముప్ఫయ్యేళ్ళు వంట చేసిన చెయ్యి. కత్తి పక్కకి పోయింది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ పోయింది. కొంచెంలో వేలు తప్పింది.

"ఇదేంటి, నామాట వినదేంటి?"

"అది ఎడంచేతికి సాన పట్టిందండి. మీది కుడిచెయ్యి."

ఆవిడ చెక్కమీద పడ్డ ముక్కలు చూస్తున్నారు. నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు.

"గేదెలకి నరికిన గడ్డిలా వచ్చిందండి" అన్నాను.

మా అమ్మ నా వీపుమీద ఒక్కటిచ్చింది. బావగారు దగ్గు నటించారు. ఆవిడ మాత్రం కోప్పడలేదు. కోడల్ని పిలిచి, దాని చూపుడువేలు పట్టుకుని, మానిన గాట్లు చాలాసేపు చూశారు. "నీకూ ఇలాగే పోయేదా?" అన్నారు మెల్లిగా. అది తలూపింది.

అయినా అత్తగారన్న తరవాత పదిమందిలో మాట వెనక్కి తీసుకోగలరా? టైము నాలుగు దాటింది. అమ్మ, "బయల్దేరండమ్మా, వర్జ్యాలూ రాహుకాలాలూ" అని తొందరపెడుతోంది. నేను ఆ కత్తిని గోడమీద ఖాళీ మేకుకి తగిలించాను. చెల్లెలు దానివంక చూడకుండా పిల్ల గుడ్డలు సర్దుతోంది. అప్పుడన్నారు ఆవిడ.

"వదినగారూ, మీ ఊళ్ళో దొంగతనాలు జరుగుతాయా అండీ?"

"అబ్బే, ఎప్పుడూ లేదండీ" అంది అమ్మ, ఊరి పరువు పోతుందని.

"కరివేపమొక్కయినా దొంగిలిస్తేనే బతుకుతుందంటారు కదండీ. ఇచ్చింది బతకదు. పుట్టింటివాళ్ళు ఇస్తే దోషం గానీ, దొంగ ఎత్తుకుపోతే దోషం ఎవరికండీ?"

అమ్మకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక గోడవంక చూసింది, కూతురివంక చూసింది, ఆనక గడియారంవంక చూసింది.

"మాకో అలవాటుందండీ వదినగారూ" అంది. "సాయంత్రం పూట అందరం కాలవవైపు తిరిగి కూర్చుంటాం. ఇంక వెనక కొంప పోయినా తెలీదు." అని మావైపు తిరిగి కసిరింది. "కూర్చోరేంట్రా?"

కూర్చున్నాం. వెనకాల మేకుమీంచి ఇనుము జారిన చప్పుడు నాకు వినపడింది. పిల్ల గుడ్డల బుట్ట కిర్రుమంది. కారెక్కుతూ ఆవిడ కోడలితో అందరికీ వినపడేలా అన్నారు. "రేపు ఇంట్లో పొట్టు కూర. నేను వంటింట్లోకి రాను. నువ్వు ఏ చేత్తో కొడతావో నాకు తెలీదు."

ఎనభై అయిదులో ఆ కత్తి మళ్ళీ నా గోడకొచ్చింది, అరిగి అరిగి సగమై. గోడమీది కత్తులన్నిటికీ అరుగుదల ఒకపక్కయితే దానికి రెండోపక్క. తెచ్చింది ఆవిడే. "పాతదిస్తే కొత్తదిస్తావట కదా బాబూ" అన్నారు. కొత్తది ముందే చేసి ఉంచాను. అమ్మ అప్పటికి లేదు గానీ అమ్మ మాట ఉంది కదా. కొత్తదాన్ని మేకుకి తగిలించి, నేనే వెళ్ళి కాలవవైపు తిరిగి కూర్చున్నాను.

ఇప్పుడు ఆ గోడ లేదు, కత్తులు పెట్టెలో ఉన్నాయి. అప్పుడప్పుడు తీసి నూనె రాస్తుంటాను.

ఆ ఆదివారం నాలుగూ పదికి మా అరుగు దగ్గరున్నవాళ్ళు వీళ్ళు. మా అమ్మ, కాలవలో బాతుల్ని చూస్తూ. మా ఆవిడ, పమిట నోట్లో కుక్కుకుని. మా బావగారు, చెప్పులోంచి లేని రాయి తీస్తూ. కారు డ్రైవరు, తుడిచిన అద్దమే తుడుస్తూ. మా చెల్లెలు, కళ్ళు గట్టిగా మూసుకుని, దాని ఒళ్ళో నిద్రపోతున్న పిల్ల. నేను. మా వియ్యపురాలుగారు, ఆవిడొక్కరే గోడవైపు తిరిగి ఉన్నారు.