పక్కన కూర్చునే మనిషి

డాక్టరు మందు గురించి చాలాసేపు చెప్పాడు. పక్కన కూర్చునే మనిషి సంగతి మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశాడు. "మీకు నమ్మకమున్న వాళ్ళెవరినైనా వెంట తెచ్చుకోండి" అన్నాడు, అంతే. నన్ను ముప్పుతిప్పలు పెట్టింది ఆ ఒక్క ముక్కే.

అప్పటికి మేం డర్బన్ దగ్గరి డార్నల్ వచ్చి ఏడాది దాటింది. ఆ దేశంలో తెల్లా నల్లా అందరూ కలిసి ఓటు వేసిన కొత్త రోజులు. చక్కెర మిల్లుకు ఇంజనీర్లు కావాలంటే మా ఆయన తణుకు వదిలి వచ్చాడు, చంటిపాపతో నేను వెనకాలే వచ్చాను. వచ్చిన మొదటి వానల్లోనే వంటింటి మెట్టు మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కట్టు కట్టారు, విప్పారు, ఎముక అతుక్కుంది. నొప్పి మాత్రం పోలేదు. పోకపోగా చెయ్యంతా పాకింది. చెయ్యి వాచి, ఎర్రబడి, నిగనిగలాడేది. ఫ్యాను గాలికి కూడా భగ్గున మండేది. చీర కొంగు తగిలిందా, ప్రాణాలు తోడేసినట్టే. నరాలు తప్పుడు కబుర్లు మోస్తున్నాయని డర్బన్‌లో డాక్టరు వివరించాడు. అవి ఎవరికి ఏ కబుర్లు మోస్తే నాకేం, మండేది నాకు!

నొప్పినైనా భరించేదాన్నేమో, పాపని చూసి భరించలేకపోయాను. మొదట్లో పరిగెత్తుకొచ్చి ఆ చేతినే పట్టుకునేది, నేను గావుకేక పెట్టేదాన్ని. కొన్నాళ్ళకి నా కుడి పక్కకు రావడం మానేసింది. ఎత్తుకోమని అడగటమూ మానేసింది. నా వెనకగా చుట్టూ తిరిగి ఎడమ పక్కకొచ్చి నిలబడేది. రెండేళ్ళ పిల్లకి అంత జాగ్రత్త ఎందుకు రావాలి? పైగా వేళ్ళు లోపలికి ముడుచుకుపోతున్నాయి. "ఇలా వదిలేస్తే ఇక తెరుచుకోవు" అన్నాడు డాక్టరు.

ఆయన చెప్పిన మందు కెటమిన్. ఆపరేషన్లలో మత్తుకిచ్చేదే. కొద్దికొద్దిగా, గంటలకొద్దీ సెలైన్‌తో ఎక్కిస్తే నరాల గోల అణుగుతుందట. వారానికోసారి, కొన్ని వారాలు. అది ఎక్కుతున్నంతసేపూ మనసు ఎటో పోతుందనీ, లేనిపోనివి కనబడతాయనీ, కొందరు హడలిపోతారనీ ముందే చెప్పాడు. అందుకే పక్కన మనిషి ఉండాలి. ఆ మనిషి గట్టిగా మాట్లాడకూడదు, వాదించకూడదు, మెల్లగా ధైర్యం చెబుతూ ఉండాలి.

మొదటిసారి మా ఆయనే కూర్చున్నాడు. మిల్లులో చెరుకు ఆడే సీజను, సెలవు దొరకడమే గగనం. పాపం, మంచివాడే. కానీ "ఏం కాదు, ఏం కాదు" అని ఒకటే జపం, ఆ గొంతులో వణుకు నాకు తెలుస్తూనే ఉంది. మందు ఎక్కేకొద్దీ మంచం సాగిపోయింది. గోడలు దూరం జరిగాయి. చెయ్యి నాది కాదు, కాళ్ళు నావి కావు, చివరికి నా పేరేమిటో గుర్తు రాలేదు. చచ్చిపోయాను కాబోలు, చావంటే ఇదే కాబోలు అనుకున్నాను. గట్టిగా అరిచానట. ఆయనకు కాళ్ళూ చేతులూ ఆడక నర్సు కోసం పరిగెత్తాడు. నాకు తెలిసిందల్లా, వినబడుతున్న ఆ ఒక్క గొంతు కూడా ఆగిపోవడం. ఆ తర్వాత నేనెక్కడ ఉన్నానో ఇప్పటికీ తల్చుకోను.

తేరుకున్నాక తెగేసి చెప్పాను. "చెయ్యి పోతే పోనీ, నేను మళ్ళీ ఆ మంచమెక్కను."

డాక్టరు బతిమాలలేదు. నా వేళ్ళ వంక చూసి, "వచ్చే వారం మీ మంచం మీకు ఉంచుతాను. తోడుని మార్చుకుని రండి. సరైన తోడు లేకపోతే నేనూ మందు పెట్టను" అన్నాడు.

ఎక్కణ్ణించి తెచ్చేది? డర్బన్‌లో మనవాళ్ళు కొందరు ఉండేవారు, డాక్టర్లూ లెక్చరర్లూ. అప్పుడప్పుడు కలిసి పులిహోర తిని, అత్తగార్ల గురించి మాట్లాడుకుని విడిపోయేవాళ్ళం. సిగ్గు చంపుకుని ఒక్కొక్కరికే ఫోన్ చేశాను. ఆషర్‌విల్‌లో ఉండే ఒకావిడ "మత్తుమందా! అలవాటైపోతుందేమో వదినా" అంది. ఇంకొకావిడ "బయటికి పొక్కనివ్వకండి, మెంటల్ అనుకుంటారు" అని నాకు జాగ్రత్త చెప్పి, తనే ఊరంతా టాంటాం వేసింది. మూడో ఆవిడ తనకి సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయంది. అది నిజమే, ఆవిడ మీద కోపం రాలేదు. మిగిలిన ఇద్దరి మీదా అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోను పెట్టేసి, ముడుచుకున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని భోరున ఏడ్చాను.

ఆ ఏడుపు మా పక్కింటి ముసలావిడ చెవిన పడింది. పగలు పాపని చూసుకునేది ఆవిడే. భర్త మా మిల్లులోనే పనిచేసి పోయాడు. తాతల నాడు చెరుకు తోటల్లో కూలికని ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్ళు వాళ్ళు. బాప్టిస్టులు, ఇంట్లో అంతా ఇంగ్లీషే. ఆవిడ దగ్గర మిగిలిన తెలుగు ప్రార్థనకీ, వంటకీ, తిట్టడానికీ సరిపోయేంత. అందులోనూ తిట్టడానికే ఎక్కువ. కోళ్ళని తిట్టేది, కుళాయిని తిట్టేది, నీళ్ళు మరగకపోతే కెటిల్‌ని తిట్టేది. పాప గుమ్మం తగిలి పడిందంటే గుమ్మాన్ని అరచేత్తో ఛెళ్ళున చరిచి, "ఏటే, బిడ్డని కొడతావా? సూకా!" అనేది. సూకా అంటే జూలూలో ఫో అవతలికి అని, అక్కడ కుక్కల్ని అలాగే తోలతారు. గుమ్మానికి తగిన శాస్తి జరిగిందని పాప ఏడుపు మానేది.

"నేను వస్తది" అంది గుమ్మంలో నిలబడి.

"మీకెందుకు పెద్దమ్మా, రోజంతా పట్టేస్తుంది."

"రోజు నాది. నీదా? బిడ్డని మా కోడలు సూస్తది."

"అక్కడ మెల్లగా మాట్లాడాలి పెద్దమ్మా. అరిస్తే పంపించేస్తారు."

"నాకు మెల్లగా రాదా? ప్రతి సండే చర్చిలో నోరు మూసుకోని కూసోలేదా నేను!"

నాకు నవ్వు రాలేదు, ధైర్యమూ రాలేదు. వేరే మనిషి లేదు, అంతే.

ఆ రోజు మా ఆయన మమ్మల్ని ఆస్పత్రి గేటు దగ్గర దించి, నా మొహంలోకి చూడలేక మిల్లుకి వెళ్ళిపోయాడు. దారంతా నేను కారు చెడిపోతే బాగుండునని కోరుకుంటూనే ఉన్నాను. ఆవిడ చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చుంది. డాక్టరు రూల్స్ చెబుతుంటే ప్రతిదానికీ "యెస్ డాక్టర్" అంటూ బుద్ధిగా తలూపింది. నా ఎడమ చేతిని చెక్కకి కట్టి సూది గుచ్చారు. కుడి చెయ్యి దిండు మీద, ఏదీ తగలకుండా ఉంచారు. నేను పళ్ళు బిగించాను.

మళ్ళీ అదే. మంచం సాగింది. గోడలు పోయాయి. నర్సు "రిలాక్స్ మేడమ్, రిలాక్స్" అంటోంది, ఆ మేడమ్ ఎవరో నాకు తెలియదు. పెద్దమ్మ పెదవులు కదుపుతూ మెల్లగా ప్రార్థన చేస్తోంది, అదీ దూరమైపోయింది. పేరు పోయింది. పాప మొహం గుర్తు తెచ్చుకోబోతే అది చేతికందకుండా జారిపోయింది. అయిపోయింది, ఈసారి తిరిగి రాను అనుకున్నాను. నేను మళ్ళీ అరిచానట.

అప్పుడు మొదలైంది.

"ఏటే పిల్లా! ఎక్కడికి ఎల్తావు? ఆ పక్క ఏటున్నాది నీకు? ఇటు రా! బిడ్డని నా నెత్తిన పడేసి పోతావా? నేను ముసిల్దాన్ని, నేను పెంచుతానా? నో మ్యాన్! సిగ్గు లేదూ? లెగు! ఇటు సూడు నా దిక్కు!"

గది అదిరిపోయింది. తిట్టాలంటే ఎదురుగా ఎవరో ఒకరు ఉండాలి కదా. ఆవిడ ఎవరినో కడిగేస్తోంది. ఎవరినా అని చూస్తే, ఆ ఎవరో నేనే. ఒక బిడ్డ ఉంది, ఆ బిడ్డకి ఒక తల్లి ఉంది, ఆ తల్లికి సిగ్గు లేదు. అమ్మయ్య! తిట్లు తింటూ నేనంత సంతోషపడటం జన్మలో అదే మొదలు.

ఇంతలో నర్సు గొంతు. పేషెంటు దగ్గర ఇలా అరవకూడదు, దయచేసి బయటికి నడవండి అంటోంది. కుర్చీ జరిగిన చప్పుడైంది. తిట్లు ఆగిపోయాయి. ఆగిన మరుక్షణం నాకు కింద మంచం లేకుండా పోయింది. వద్దు, ఆవిణ్ణి పంపకండి అని చెప్పాలి. నోరు పెగలదు. నాలుక ఎక్కడుందో తెలిస్తే కదా! ఎడమ చెయ్యి చెక్కకి కట్టేసి ఉంది.

మిగిలింది ఆ రెండోదే.

ఎలా కదిపానో నాకు తెలియదు. ఆవిడ హ్యాండ్‌బ్యాగు పట్టీ నా వేళ్ళ మధ్యకొచ్చింది, గట్టిగా పట్టుకున్నాను. నర్సు ఆవిణ్ణి తలుపు వైపు నడిపిస్తోంది. పట్టీ బిగుసుకుంది. నేను వదల్లేదు. అందరూ ఆగిపోయారు. కొంగు తగిలితే కేకలు పెట్టిన చెయ్యి అది.

తలుపు దగ్గర్నుంచి డాక్టరు గొంతు వినబడింది. "ఆవిణ్ణి ఉండనివ్వండి. అలాగే మాట్లాడమనండి."

ఇక చెప్పాలా! మందు అయిపోయేవరకూ తిట్టింది. నన్ను తిట్టింది, నా చేతిని తిట్టింది, పెళ్ళాన్ని వదిలేసి చెరుకు పిండుకోడానికి పోయాడని మా ఆయన్ని తిట్టింది. తిట్లు నిండుకుంటే మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. మధ్యలో దేవుణ్ణి కూడా కాస్త గట్టిగానే అడిగినట్టు గుర్తు.

మిగతా వారాలన్నీ ఆవిడే వచ్చింది. ప్రతిసారీ భయపడ్డాను, ఆ మాట దాచను. కానీ ఏ చీకట్లోకి జారినా వెనకనుంచి ఎవరో నా దుమ్ము దులుపుతున్నారన్న ధీమా ఉండేది.

చెయ్యి ఒక్కసారిగా బాగైపోలేదు. మంట తగ్గేది, మళ్ళీ వచ్చేది. వేళ్ళు మెల్లగా తెరుచుకున్నాయి. అయినా పాప మాత్రం ఎడమ పక్కకే వచ్చేది. దాన్ని పిలవడానికి నాకే ధైర్యం చాలలేదు. మళ్ళీ కేక పెడితే? అది మళ్ళీ బెదిరితే?

ఒక మధ్యాహ్నం వరండాలో కూర్చున్నాను, చెయ్యి ఒళ్ళో ఉంది. పాప ఎడమ పక్కకి వచ్చింది. కాసేపు నిలబడింది. తర్వాత వెనకగా చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నా చేతి వంక కోపంగా చూసింది.

"ఏతే, అమ్మని కొత్తావా?" అంది. "చూకా!"

అంటూనే చెయ్యెత్తింది. వద్దు అనడానికి వ్యవధి లేదు. గుమ్మాన్ని చరిచినట్టే నా చేతిని ఛెళ్ళున ఒక్కటేసింది.

చురుక్కుమంది. రెండేళ్ళ పిల్ల కొడితే ఎంత నొప్పి పుట్టాలో అంతే పుట్టింది, అంతకు మించి ఒక్క పిసరు లేదు.

నేను అరవలేదు. పాప నా మొహంలోకి ఓసారి చూసి, మళ్ళీ కొట్టింది.