నీరు నిండినప్పుడు కొలిచారా?

మేడం పోయారన్న వార్త నేను క్లాసులో ఉండగా వచ్చింది. అటెండరు లోపలికి రాకుండా తలుపు దగ్గరే నిలబడి, "మన మేడంగారండీ... ఏలూరు హాస్పిటల్లో... తెల్లారిగట్ల పోయారంటండీ" అన్నాడు. బోర్డు మీద సమీకరణం సగంలో ఉంది. అది పూర్తి చేసి, చాక్‌పీసు పక్కన పెట్టి, పిల్లల్ని వెళ్ళిపొమ్మన్నాను. ఎందుకు పూర్తి చేశానో ఇప్పటికీ తెలియదు. స్టాఫ్ రూంలోకి వచ్చి కూర్చున్నాక నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన చెబితే మీరు ఈ వ్యాసం ఇక్కడే మూసేస్తారేమో. ఇక జర్నల్ ఎవరి చేతికి వస్తుంది అనుకున్నాను. కన్నీళ్ళు ఆ తర్వాత వచ్చాయి.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు పొగడాలి. నేనూ పొగడాలనే కూర్చున్నాను. కానీ ఆవిడ గురించి నిజం చెప్పాలంటే నా కడుపుమంట గురించి చెప్పక తప్పదు. ఆవిడ పెట్టిన జర్నల్ ఇంగ్లీషులో వస్తుంది, అందులో ఇలాంటివి రాయరు. అందుకే తెలుగులో, మీతో చెప్పుకుంటున్నాను.

మాది తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ. ఎలక్ట్రానిక్స్ డిపార్ట్‌మెంటులో నేను చేరిన రెండేళ్ళకు ఆవిడ వచ్చారు. వయసులో నాకంటే పెద్ద, చదువులో కూడా ఒక డిగ్రీ ఎక్కువ. వచ్చిన ఏడాదికే హెడ్డు అయ్యారు. ఆవిడ పుట్టింది పెంటపాడులో, మెట్టింది గూడెంలో కిరాణా వ్యాపారం చేసే ఇంట్లో. టెలికమ్యూనికేషన్స్ చెప్పేవారు. నేను సిగ్నల్ ప్రాసెసింగ్ చెప్పేదాన్ని. మా కుర్చీలు పక్కపక్కనే ఉండేవి. పిల్లలు డౌటు అడగడానికి వచ్చి, నా కుర్చీ దాటుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళేవారు. నేను ఏదో పేపరు చదువుతున్నట్టు తల వంచుకుని, లోపల ఎవరెవరు వెళ్ళారో లెక్క పెట్టుకునేదాన్ని.

చేతిలో పెన్సిల్ లేకుండా ఆవిడ దేన్నీ చదివేవారు కాదు. ఎవరైనా శుభలేఖ తెచ్చి ఇచ్చినా సరే, వేళ్ళు పెన్సిల్ కోసం వెతికేవి. అటెండరు లీవ్ లెటర్ దిద్ది, "ఇప్పుడు బాగుంది, సంతకం పెట్టు నాయనా" అనేవారు. మేమంతా నవ్వుకునేవాళ్ళం. నేను కాస్త ఎక్కువే నవ్వేదాన్ని.

జర్నల్ మాట ఆవిడ ఎత్తింది ఒక స్టాఫ్ మీటింగులో. "మన పేపర్లు ఎక్కడికో పంపి, అవి చదివారో లేదో తెలీక రెండేళ్ళు ఎదురుచూడటం ఎందుకండీ? టెలికమ్యూనికేషన్స్‌కీ సిగ్నల్ ప్రాసెసింగ్‌కీ కలిపి మనమే ఒక జర్నల్ పెడదాం" అన్నారు.

ప్రిన్సిపాల్ గారు నవ్వారు. "ఉల్లిపాయల మార్కెట్టున్న ఊళ్ళో రిసెర్చి జర్నలా అండీ మేడం?"

"ఉల్లిపాయలకి ఇక్కడ రేటు కడితే ఊరూరా ఒప్పుకుంటున్నారు కదండీ. పేపర్లకీ కట్టి చూద్దాం" అన్నారావిడ, చాలా మెత్తగా.

గదంతా నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆ ఆలోచన నాకు అంతకు ముందే వచ్చింది. నా డైరీ చివరి పేజీలో దానికి పేరు కూడా రాసి పెట్టుకున్నాను. ఎవరైనా నవ్వుతారేమోనని ఎవరికీ చెప్పలేదు. ఆవిడ చెప్పారు, నవ్వితే నవ్వనిచ్చారు, ఎడిటర్ అయ్యారు. నన్ను ఎడిటోరియల్ బోర్డులో వేశారు. పేర్ల పట్టికలో నాది చిట్టచివర వచ్చింది. "అక్షర క్రమమండీ, ఏమీ అనుకోకండి" అన్నారు. అనుకున్నాను. చాలా రోజులు అనుకున్నాను.

మొదటి సంచిక ఏలూరులో ముగ్గురు అన్నదమ్ములు నడిపే ఒక సాయిబుల ప్రెస్సులో అచ్చయింది. అంతకు ముందు వాళ్ళు వేసినవి శుభలేఖలూ కరపత్రాలూ. ఆవిష్కరణకు రెండు రోజుల ముందు, ఆదివారం మధ్యాహ్నం, ఆ అన్నదమ్ముల్లో పెద్దాయన కట్టలన్నీ ఆటోలో వేసుకుని తానే తెచ్చారు. సంచిక తెరిస్తే సమీకరణాల్లో ఆల్ఫా, బీటా, సిగ్మా ఉండవలసిన ప్రతి చోటా ఒక ఖాళీ డబ్బా ఉంది. గ్రీకు అక్షరాల ఫాంటు కాలేజీ కంప్యూటర్లో ఉంది గానీ ప్రెస్సు కంప్యూటర్లో లేదు.

"మేము అవి డబ్బాలే అనుకున్నామండీ మేడంగారూ. లెక్కల పుస్తకం కదా, డబ్బాలుంటాయేమో అనుకున్నామండీ" అన్నారు పెద్దాయన, మొహం ఇంత చేసుకుని. "మళ్ళీ వేసిస్తానండీ. నాలుగు రోజులు టైమివ్వండి."

నేను లోపల పండగ చేసుకున్నాను. అబద్ధం చెప్పకూడదు, ఆ క్షణంలో నా ప్రాణం ఎంత హాయిగా ఉందో! ఆవిడ మాత్రం ఒక డబ్బాను కాసేపు పరీక్షగా చూసి, "ఖాళీగానే ఉన్నాయి కదండీ. వాటిలోనే రాసేద్దాం" అన్నారు.

మేమందరం ల్యాబులో బల్లలకు చేరి, సన్నని నల్ల పెన్నులతో ప్రతి కాపీలో ప్రతి డబ్బాలో ఒక్కో అక్షరం రాశాం. పెద్దాయన వెళ్ళిపోలేదు. తనకు రాని ఆ లిపిని ఆవిడ దగ్గర నేర్చుకుని, అందరికంటే అందంగా సిగ్మాలు రాశారు. ఆవిష్కరణకు వచ్చిన అతిథి ఆ పేజీలు చూసి, "ఇంత శ్రద్ధగా తెచ్చిన జర్నల్ నేను చూడలేదు" అన్నారు. తప్పుకు కూడా చప్పట్లు పడ్డాయి. నేనూ కొట్టాను, కొట్టక ఏం చేస్తాను?

ఇక్కడ జర్నల్ పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరైనా పేపరు పంపితే, రాసినవాళ్ళ పేరు తీసేసి, ఆ విషయం తెలిసిన మరొకరికి పంపుతారు. చదివినవాళ్ళు తమ పేరు లేకుండా అభిప్రాయం రాసి పంపుతారు. ఇదే రివ్యూ. ఎవరు ఎవరిది చదివారో ఎడిటరుకు తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ దీన్ని పూజలాగా పాటించేవారు. రెండు ముక్కల్లో మెచ్చుకుని పంపే రివ్యూలంటే ఆవిడకు చిరాకు. "బాగుంది అని రాసి పంపితే అది రివ్యూ కాదండీ, పేరంటం" అనేవారు. "మనిషికి ప్రశ్న కంటే పెద్ద మర్యాద లేదు" అని కూడా అనేవారు.

జర్నల్ పెట్టిన రెండో ఏడు ఆవిడ తన పేపరే ఒకటి రాశారు. ఎడిటర్ పేపరు ఎడిటర్ చూడకూడదు కనుక దాన్ని ఏలూరులో ఉండే ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ గారికి అప్పగించారు. ఆయన దాని మీద ఆవిడ పేరు తీసేసి ఎవరికో పంపాలి. ఆ కవరు నాకొచ్చింది.

మొదటి పేజీ చదవగానే, వాక్యాల తీరును బట్టే అది ఆవిడదని తెలిసిపోయింది. లోతు తక్కువ మంచినీటి సరస్సు అని రాశారు గానీ అది మా కొల్లేరు. నిశ్చలంగా ఉన్న నీటి మీద రేడియో తరంగం అద్దం మీద వెలుగులా పడి లేస్తుంది. నేరుగా వచ్చిన తరంగాన్ని, నీటిని తాకి వచ్చిన తరంగం కొట్టేస్తే ఫోను మూగబోతుంది. గాలి లేచి నీరు కదిలితే మళ్ళీ మాట వినిపిస్తుంది. ఎంత దూరంలో, ఎంత ఎత్తులో, ఎప్పుడు మూగబోతుందో ఆవిడ గట్ల మీద నిలబడి కొలిచారు.

నేను పుట్టింది మండవల్లి దగ్గర, ఆ నీటి ఒడ్డునే. ఫోను మోగితే చెరువు గట్టు మీద రెండడుగులు అటూ ఇటూ జరిగి మాట్లాడటం మా ఊళ్ళో అందరికీ అలవాటు. మా తమ్ముడు కోతిలా గంతులేస్తున్నాడని వెక్కిరించాను గానీ ఎందుకు జరుగుతున్నాడని ఏనాడూ అడగలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, నాకు నా కొల్లేరు అలాంటిదే. పెంటపాడు నుంచి వచ్చిన మనిషి నా నీళ్ళలో వల వేసి, నాకు కనబడని చేపను పట్టుకుపోయింది.

ఆ పేపరు మూడుసార్లు చదివాను, తప్పు కోసం. రెండుసార్లు దొరకలేదు. మూడోసారి ఒకటి దొరికింది. కొలతలన్నీ వేసవివే. అప్పుడు నాలుగు వాక్యాలు రాశాను: "ఈ సరస్సు వేసవిలో సగానికి సగం ఎండిపోతుంది. నీరు నిండినప్పుడు కొలిచారా? గుర్రపుడెక్క కమ్ముకున్నప్పుడు కొలిచారా? ఏడాది పొడవునా కొలతలు లేనిదే ఈ పేపరు ప్రచురణకు తగదు."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కానీ నేను రాసింది కొలతల కోసం కాదు. సంసారం, కాలేజీ, జర్నల్ ఉన్న మనిషి వానల్లో కొల్లేటికి ఎలా వెళుతుంది, పేపరు వదిలేసుకుంటుంది, అంతే చాలు అనుకుని రాశాను.

వారం తర్వాత ఆవిడ ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికే వచ్చారు. తెలిసిపోయిందనుకున్నాను. ఆవిడ మొహం మాత్రం వెలిగిపోతోంది.

"చూశారాండీ ఏం అడిగారో! ఎవరో గానీ చివరిదాకా చదివారండీ."

"ఎవరో కావాలని అడ్డం పెట్టినట్టుంది మేడం. పట్టించుకోకండి, ఒక సీజన్ చాలు" అన్నాను. నా పాపం నేను అలా కడుక్కోబోయాను.

"అలా ఎలాగండీ? అడిగింది న్యాయమే కదా." కాగితం మడిచి, "ఏవండీ, మీది మండవల్లి వైపు కదా. మీవాళ్ళెవరైనా దోనె ఇప్పించగలరా?" అన్నారు.

మా తమ్ముడికి ఫోను చేశాను. ఆ ఏడు బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు దిగి కొల్లేరు నిండినప్పుడు మా తమ్ముడే ఆవిడను దోనె మీద తిప్పాడు. ఆదివారం ఆదివారం గుండుగొలను దాకా బస్సులో వచ్చి, అక్కడి నుంచి వాడి మోటారు సైకిలు మీద వెళ్ళేవారు. సిగ్నల్ కొలిచే మీటరు తడవకుండా ఒళ్ళో పెట్టుకుని, తాను తడుస్తూ కొలిచేవారట. ఒకసారి జ్వరం తగిలి మూడు రోజులు కాలేజీకి రాలేదు. ఇక మానేస్తారనుకున్నాను. నాలుగో రోజు దగ్గుతూ వచ్చి గుర్రపుడెక్క ఎప్పుడు ఎక్కువగా ఉంటుందని నన్నే అడిగారు. మా తమ్ముడు ఫోనులో, "మీ మేడంగారు భలే మనిషక్కా. నువ్వెందుకు రావు ఆవిడతో?" అన్నాడు. పేపర్లు దిద్దుకోవాలని చెప్పాను.

మరుసటి ఏడు పేపరు అచ్చయింది. నీరు నిండితే ఏమవుతుందో, గుర్రపుడెక్క కమ్మితే ఏమవుతుందో అందులో ఉంది. అసలు విశేషమంతా అదే. దూరదూరాల నుంచి కాపీలు పంపమని ఉత్తరాలు వచ్చాయి. చివరి పేజీలో, పేరు తెలియని సమీక్షకుడి ప్రశ్న లేకపోతే ఈ పేపరు లేదని రాసుకున్నారు. నా ఉద్యోగమంతటిలో నేను రాసిన గొప్ప వాక్యాలు ఆ నాలుగే. వాటి కింద నా పేరు లేదు. నా పేరున్నచోట అంత గొప్పవి రాయలేదు. నేను అన్యాయం చేసినా ఆవిడకు మేలే జరిగింది. ఈ కడుపుమంట ఎవరితో చెప్పుకోను? ఎన్నోసార్లు చెప్పేద్దామని కుర్చీ ఆవిడ వైపు తిప్పాను. పెన్సిల్ పట్టుకుని ఏదో చదువుతూ ఉండేవారు. మళ్ళీ ఇటు తిప్పుకునేదాన్ని.

ఆవిడ పోయిన వారానికి జర్నల్ నన్నే చూడమన్నారు. కోరుకున్నదే దొరికింది. పట్టికలో నా పేరు ఇప్పుడు మొదట ఉంటుంది.

పెద్దకర్మ నాడు గూడెంలో వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ భర్త గారు మనిషి ఎంత పొడుగో, మాట అంత నెమ్మది. నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చున్నారు.

"మా ఆవిడ కోరిక ఒకటి తీరకుండా పోయిందండీ" అన్నారు. "ఆ కొల్లేరు పేపరుకి ఎవరో ఒకాయన ప్రశ్న వేశాడటండీ. 'ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను, రాస్తున్నాను. నేను రాసింది ఆసాంతం చదివిన మనిషి ఆయనొక్కడే' అని ఎన్నిసార్లు అనేదో. ఆయనెవరో తెలిస్తే ఇంటికి పిలిచి, పీట వేసి భోజనం పెట్టాలని అనేదండీ. అడిగితే తెలుస్తుంది కదే అంటే, అడగకూడదు, అది పద్ధతి కాదు అనేది."

నాకు చెప్పక తప్పని మాట ఇది. ఆయన అలా చెబుతుంటే ఆ పేరు లేని మనిషి మీద నాకు అసూయ పుట్టింది. ఎనిమిదేళ్ళు పక్క కుర్చీలో కూర్చున్న నాకు దక్కని ప్రేమ వాడెవడికో దక్కిందనిపించింది. ఆ ఉక్రోషంలోనే నోరు జారింది.

"అది నేనేనండీ."

ఆయన నా మొహంలోకి చూశారు. కళ్ళు నిండిపోయాయి.

"కానీ నేను అది రాసింది..." అన్నాను. ఆయన అప్పటికే లేచారు. "అమ్మాయ్, ఇలా రా. మీ వదిన చెప్పే ఆయన ఆయన కాదు, ఈవిడేనంట" అని చెల్లెలిని పిలిచారు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. ఒకావిడ నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. చుట్టాలందరి కంటే ముందు నన్ను కూర్చోబెట్టి ఆకు వేశారు. వాళ్ళు చెప్పనివ్వని ఆ మిగతా సగమే ఇప్పుడు మీకు రాశాను. వాళ్ళూ చదువుతారు.

గారెలు వేశారు, పరమాన్నం వేశారు. భుజాన తువ్వాలు వేసుకుని ఆయనే స్వయంగా నెయ్యి గిన్నె పట్టుకుని వంగారు. "మొహమాటపడకండి, ఆవిడ పెడుతున్నట్టే అనుకోండి" అన్నారు. చాలు అనాలంటే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాలి. నాకు చెయ్యి లేవలేదు. ఆయన పోస్తూనే ఉన్నారు.