సూరమ్మ బిడ్డకు పోసిన నీళ్లు

ప్రభువు నందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! ఈ మలేషియా దేశంలో, ఈ క్లాంగ్‌లో మీరందరూ ఇలా కూడి తెలుగులో ప్రార్థన చేసుకుంటున్నారని విని, నడుం నొప్పిని కూడా లెక్కచేయకుండా సుంగై సిపుట్ నుంచి రైలెక్కి వచ్చాను. నా పేరు మార్గరెట్, మా ఊళ్లో మార్గమ్మ అంటారు. పోయిన ఏడాది ఇదే రోజుల్లో నేను అన్నం తినలేని మనిషిని, ముద్ద నోట్లో పెట్టుకుంటే గొంతు దిగేది కాదు, గుండె దడదడలాడేది, బట్టలన్నీ వదులైపోయాయి. ఈపో ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి "ఆంటీ, మీకు జబ్బేమీ లేదు" అని డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది. జబ్బు లేదంటే సంతోషించాలి కదా, నేను ఇంటికొచ్చి ఏడ్చాను, ఎందుకంటే నా జబ్బు ఏమిటో నాకు తెలుసు, అది మా పక్కింట్లోనే ఉంది, దాని పేరు సూరమ్మ!

నవ్వకండి, చెబుతాను. సూరమ్మా నేనూ రబ్బరు తోట కూలీల లైనిళ్లలో కలిసి పెరిగినవాళ్లం, పెళ్లిళ్లయి టౌనుకొచ్చాక కూడా గోడకు గోడ ఆనుకున్న ఇళ్లే దొరికాయి. వాళ్లింట్లో సింహాచలం అప్పన్న, మా ఇంట్లో మరియమాత, మధ్యలో గోడ మీదుగా కూర గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి. ఆమె ఒక్కగానొక్క కూతురు దేవిది ఇక్కడ క్లాంగ్‌లోనే ఉద్యోగం. రెండుసార్లు కడుపు పోయి, మూడోసారి నిలిచి, పురుడు పోసుకోవడానికి పుట్టింటికొచ్చింది. ఒక పొద్దున సూరమ్మ గోడ మీద మోచేతులు ఆనించి, మాట చివర ఇక్కడి మలయ్ వాళ్లలా 'లా' తగిలించి సంబరంగా అరిచింది.

"ఒలే మార్గం, ఇస్పత్రి నుంచి రాగానే బిడ్డకి మొదటి నీళ్లు నువ్వే పొయ్యాల. దేవికి పోసినావు, దాని బిడ్డకీ ఆ సెయ్యే పడాల లా!"

సరేనన్నాను. ఆ మధ్యాహ్నం నుంచే నాకు అన్నం దిగడం మానేసింది.

ఎందుకో తెలియాలంటే మా మామ్మ దగ్గరికి వెళ్లాలి. మామ్మ విశాఖపట్నానికి ఉత్తరాన సముద్రపు ఒడ్డున, జాలర్ల ఊళ్లో మంత్రసాని. ఇంగ్లీషు దొరల కాలం. ఆ ఒడ్డుకు తెల్ల గురువులు ఒకాయన ఏడాదికి రెండు మూడుసార్లు బండి మీద వచ్చేవారట. మన విశ్వాసం అక్కడ ఎలా పాకింది అంటే గురువులు గుడి కట్టారు, ఉపదేశం చేశారు, బడి పెట్టారు అని మీరు అనుకుంటారు, అవీ ఉండే ఉంటాయి, కానీ మా ఒడ్డున అది ఆడవాళ్ల కాళ్ల మీద, పసిపిల్లల స్నానం నీళ్లలో పాకింది! ప్రాణం పోయేలా ఉన్న బిడ్డకు ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చునని ఆ గురువులు మంత్రసానులకు నేర్పారు, మూడుసార్లు నీళ్లు, నాలుగు మాటలు, అంతే. విచిత్రం ఏమిటంటే, అప్పటికి మా మామ్మే జ్ఞానస్నానం పొందలేదు!

నాకు పుట్టుకతో వచ్చిన గుణం ఒకటుంది, ఏదైనా సరే ఎందుకు, ఎలా అని తవ్వి తవ్వి అడుగుతాను, మా ఆయన నన్ను పోలీసు అనేవాడు. మామ్మనూ వదల్లేదు. నువ్వు క్రైస్తవురాలివే కానప్పుడు ఆ పని ఎందుకు చేశావు, బియ్యం ఇచ్చారా, చీర ఇచ్చారా అని అడిగాను. మామ్మకు కోపం వచ్చింది.

"బియ్యమేటే! ఓ పాలి సచ్చిపోయిన పిల్లని సూసి ఆ దొర ఇసక మీద కూకుండి ఏడిసినాడు. పరాయి దేశపోడు, మన పిల్ల కోసం ఏడిసినాడు. నాలుగు ముక్కలంటే ఆ మడిసికి ఏడుపు తగ్గుతాదంటే, అంటే పోయిందేటి అనుకున్నాను."

చూశారా! వింటున్నారా సహోదరులారా, దొర మీద జాలితో మొదలైందట! తర్వాత ఆమే మనసారా జ్ఞానస్నానం పొంది, ఓడెక్కి ఈ దేశం వచ్చి, తోట లైనిళ్లలో మళ్లీ పురుళ్లు పోసింది, నీరసంగా పుట్టిన ప్రతి బిడ్డకూ నీళ్లు పోస్తూ పెదవి కదిలీ కదలకుండా ఆ మాటలు అనేది. తల్లులకు చెప్పేది కాదు. ఆ రోజుల్లో ఏ బిడ్డ బతుకుతుందో ఏ బిడ్డ పోతుందో ఎవరికి తెలుసు గనుక, చివరికి అందరికీ పోసేసింది. ఆమె చేతి పనీ, ఆ మాటలూ రెండూ నాకు వచ్చాయి.

ఇప్పుడు ముప్పై ఏళ్ల వెనక్కి రండి. నేను తోట ఆసుపత్రిలో పురుళ్ల ఆయాను. కుండపోత వానలో మధ్యాహ్నం పూట సూరమ్మకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి, అంబులెన్సు దారిలో ఉంది, బిడ్డ పుట్టేసింది, అరచేతిలో పట్టేంత బిడ్డ, నీలంగా ఉంది, ఏడుపు లేదు. సూరమ్మ మంచం మీద కళ్లు మూసుకుని అప్పన్నను పిలుస్తోంది. నేను బిడ్డను తుడుస్తున్నట్టుగా కిటికీ వైపు తిరిగాను. కాచి చల్లార్చిన నీళ్లు గ్లాసులో ఉన్నాయి. "పిత యొక్కయు, పుత్రుని యొక్కయు, పవిత్రాత్మ యొక్కయు నామమున నీకు జ్ఞానస్నానం ఇచ్చుచున్నాను" అంటూ మూడుసార్లు తల మీద పోశాను. బిడ్డ తుమ్మింది, ఏడ్చింది, బతికింది!

సూరమ్మ మొక్కు తీర్చుకుని గుండు కొట్టించుకుంది, అప్పన్న దయ అని వీధి వీధంతా చెప్పుకుంది. నేను లోపల్లోపల నవ్వుకున్నాను సహోదరీలారా, అసలు సంగతి నాకే తెలుసు అని. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ గర్వాన్ని ముప్పై ఏళ్లు మోశాను. దేవి బడిలో బహుమతి తెస్తే నా నీళ్లే, ఉద్యోగం వస్తే నా నీళ్లే!

ఆ గర్వం భయంగా ఎలా మారిందో చెబుతాను. దేవి సీమంతానికి ఆమె ఆఫీసు నుంచి స్టెల్లా అనే అమ్మాయి వచ్చింది, అదిగో, ఆ మూల కూర్చుని నవ్వుతోంది చూడండి, నన్ను ఇక్కడికి పిలిచింది ఈమే. విశాఖ ఒడ్డు జాలర్ల పిల్ల, కతోలిక పిల్ల అని తెలిసేసరికి వదులుతానా, మా ఇంటికి లాక్కెళ్లి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాను. మామ్మ చేసిన పని చెప్పాను, గొప్పగానే చెప్పాను. ఈ పిల్ల కాఫీ కప్పు కింద పెట్టేసింది.

"మా ముత్తాత కూడా అలా బతికిన పిల్లాడే ఆంటీ. పన్నెండేళ్లు వచ్చాక మంత్రసాని నోరు జారితే తెలిసింది. ఆయన గుడికి వెళ్లాడు, ఆయన వల్లే మేమందరం ఇలా ఉన్నాం. కానీ వాళ్లమ్మ ఉందే, చచ్చిపోయేదాకా ఆ మంత్రసాని మొహం చూడలేదట. పక్క పక్క ఇళ్లే."

పక్క పక్క ఇళ్లే! ఆ మాటతో మా గోడ వైపు చూశాను. ఆ వారంలోనే సూరమ్మ గోడ మీదుగా మొదటి నీళ్ల మాట అడిగింది. నాకు నా చేతులు తెలుసు. బిడ్డ కాళ్ల మీదకు వస్తే, చెంబు చేతికి వస్తే, నా పెదవి దానంతటదే కదులుతుంది. కదిలితే మళ్లీ దొంగతనం, చెబితే సూరమ్మ స్నేహం పోతుంది. మరియమాత ముందు మోకరించి ఏమని ప్రార్థించానో తెలుసా? "ప్రభువా, నా నోరైనా విప్పు, లేదంటే సూరమ్మకు చెవుడైనా తెప్పించు" అన్నాను. అలాంటి ప్రార్థన ఆయన వింటాడా!

చివరికి గుడికి, చేసిన పాపం గురువులకు చెప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లాను. మా గురువులు తమిళాయన, ఓపికగా విన్నారు. ప్రాణాపాయంలో ఇచ్చిన జ్ఞానస్నానాన్ని మన కతోలిక శ్రీసభ కాదనదు, దేవి ఇప్పుడు పెద్దది, ఆమె మనసు ఆమెది అన్నారు. హమ్మయ్య అనుకున్నాను. అంతలో ఆయన, "అది సరే అమ్మా, పక్క మంచం మీద ఉన్న తల్లిని ఎందుకు అడగలేదు?" అన్నారు. లోకంలో అందరినీ అన్నీ అడిగిన దాన్ని, ఆ ఒక్కరినీ ఆ ఒక్కటీ అడగలేదు. ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్న నాకు తట్టనైనా లేదు!

గుడి నుంచి తిన్నగా సూరమ్మ వంటింటికే వెళ్లాను, ఇంటికి వెళితే ధైర్యం పోతుందని. ఆమె పీట మీద కూర్చుని ఎండు నెత్తళ్ల చేపల తలలు తుంచుతోంది. నిలబడే అంతా చెప్పేశాను, గ్లాసు, కిటికీ, మాటలు, నా గర్వం, అన్నీ. ఆమె చేతులు ఆగలేదు. పళ్లెం నిండిపోయాక తలెత్తింది. ఆ కళ్లు నేను ఎప్పుడూ చూడలేదు.

"నాను పక్క మంచం మీదే ఉన్నాను కదే. సచ్చిపోయినానేటి? సూరీ, ఇలాగ సేస్తాను అని ఓ మాట అడగలేకపోయినావా? అడిగితే నానే తల పట్టుకుందును. బతుకుతాదంటే ఏ సామి నీళ్లైతే నాకేటి! అది నా గుంట, నా కడుపున పుట్టిన పిల్ల. నన్ను అడగలేదు నువ్వు. లెగు, నీ ఇంటికి పో."

నిలబడే ఉన్న నన్ను పట్టుకుని లెగు అంటున్నానని కూడా ఆమెకు తెలియలేదు. వచ్చేశాను. ఇంటికొచ్చి ఏడుస్తూ ఏడుస్తూ, ఏమైందో తెలియదు, పొద్దుటి అన్నంలో చారు పోసుకుని రెండు పళ్లేలు తిన్నాను! గొంతు తెరుచుకుంది సహోదరులారా! స్నేహితురాలు పోయింది, ఆకలి వచ్చింది. ఏడవాలో స్తోత్రం చెప్పాలో తెలియక రెండూ చేశాను. గుండెదడ ఆ రోజు పోయింది, ఈ రోజుదాకా మళ్లీ రాలేదు, దేవునికే మహిమ!

అయితే పక్కింటి గోడ మాత్రం గోడలాగే ఉండిపోయింది. పదకొండు రోజులు గిన్నె రాలేదు, మాట రాలేదు. దేవికి ఆడపిల్ల పుట్టిందని స్టెల్లా ఫోనులో పంపిన ఫొటో చూసి తెలుసుకున్నాను, పక్కింటి బిడ్డను క్లాంగ్ మీదుగా చూసుకున్నాను! నీళ్లు ఇంకెవరో పోస్తారు, పోనీలే, అది నాకు తగిన శిక్షే అనుకున్నాను. ఈసారి ప్రార్థనలో ఏమీ అడగలేదు, "నీ చిత్తం ప్రభువా" అని ఊరుకున్నాను.

ఆసుపత్రి నుంచి కారు వచ్చిన చప్పుడైంది. కాసేపటికి మా గేటు దడదడ కొట్టారు. సూరమ్మ.

"ఏటే, నీళ్లు సల్లారిపోతన్నాయి. వొస్తావా, బొట్టెట్టి పిలవాలా?"

ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. పీట మీద కాళ్లు చాపి కూర్చున్నాను, దేవి బిడ్డను తెచ్చి కాళ్ల మీద పడుకోబెట్టింది. సూరమ్మ సరిగ్గా నా ఎదురుగా మరో పీట వేసుకుని నా నోటి వైపే చూస్తూ కూర్చుంది.

"మూతి కదిపినావంటే ఊరుకోను లా!"

దేవికి అంతా చెప్పేసిందని అప్పుడు అర్థమైంది. నేను బిక్కమొహం వేస్తే ఆ పిల్ల పగలబడి నవ్వి, "ఇంతకీ ఆ నీళ్లతో నాకేం పేరు పెట్టారు అత్తా?" అంది. కంగారులో పేరు పెట్టలేదమ్మా అన్నాను. "పేరే లేకుండానా!" అని ఒకటే నవ్వు.

నూనె రాశాను, పిండి రుద్దాను, నీళ్లు పోశాను. నాలుక మీదికి ఆ మాటలు వచ్చాయి, అబద్ధం చెప్పను, వచ్చాయి. పెదవులు బిగించాను. బిడ్డను తువ్వాలులో చుట్టాక, అరవై ఎనిమిదేళ్ల బతుకులో మొదటిసారి, అడగాల్సిన మనిషిని నోరు తెరిచి అడిగాను.

"సూరీ, బిడ్డ కోసం ఓ పార్దన సేసుకోనా?"

ఆమె బిడ్డ మొహం చూసింది, కూతురి మొహం చూసింది.

"గట్టిగా సేసుకో. నాకు ఇనపడాల."

గట్టిగానే చేశాను. "యేసు సామీ, ఈ పిల్లకి పాలు అరగనీ, నిద్దర పట్టనీ, దీని తల్లికి బలం ఇయ్యి, దీని అమ్మమ్మకి మోకాలి నొప్పి తగ్గించు" అన్నాను. సూరమ్మ మధ్యలో అందుకుంది.

"రెండు మోకాళ్లూ అని సెప్పు!"

సహోదరులారా, మా మామ్మను నేను తప్పు పట్టను, ఆమె జాలితో చేసింది, ఆ ఒడ్డున ఇసుకలో కూర్చుని ఏడ్చిన ఆ గురువులనూ తప్పు పట్టను. కానీ ఆ ఊళ్లో ఎంతమంది తల్లులు, అడిగి ఉంటే, తామే బిడ్డ తల పట్టుకుని ఉండేవారో అని ఇప్పుడు నాకు తెలుసుకోవాలని ఉంది. సర్వేశ్వరుడు మరియమ్మ దగ్గరికి దూతను పంపినప్పుడు ఏం చేశాడు? లోకాన్నంతా చేసినవాడు, ఎవరినీ అడగాల్సిన పని లేనివాడు, ఒక పేదింటి పిల్లను అడిగించి, ఆమె సరే అనేదాకా కాచుకున్నాడు! ఆయనే అడిగితే, మనమెంత?

ఈ సాక్ష్యం చెప్పనా అని కూడా సూరమ్మను అడిగే వచ్చాను. "ఉన్నది ఉన్నట్టు సెప్పు, నన్ను మంచిదాన్ని సేసి సెప్పకు" అంది. మీలో ఎవరి గొంతులోనైనా అలాంటి మాట అడ్డుపడి ఉంటే, ప్రభువును నమ్మి ఈ రోజే వెళ్లండి, ఆ తలుపు తట్టండి. వాళ్లు తిట్టవచ్చు, పొమ్మనవచ్చు, తలుపు మళ్లీ తెరుస్తారని నేను మాట ఇవ్వలేను. మీకు అన్నం దిగుతుందని మాత్రం నేను సాక్షిని. నా నోరు తెరిచిన ప్రభువుకు యుగయుగాల స్తోత్రం, ఆమెన్!