కిటికీ పక్క బల్ల

సూబయ్య నడుస్తుంటే ఎడమచెయ్యి మోచేతి దగ్గర కాస్త వంగే ఉంటుంది, దాని మీద ఇంకా తెల్ల తువ్వాలు వేలాడుతున్నట్టు. దక్షిణాఫ్రికాలో, డర్బన్ సముద్రపు ఒడ్డున ఓ హోటల్లో ఏళ్ల తరబడి వడ్డించి, రిటైరయ్యాక ఉంజింటో అనే ఊళ్లో కూతురి ఇంటికి చేరాడు. ఆ హోటల్లో అప్పట్లో తెల్లవాళ్లే కూర్చుని తినేవారు. అతని డ్యూటీ అయ్యేదాకా భార్య ప్రేమీ వంటింటి వెనక గేటు దగ్గరే నిలబడేది.

తెల్లా నల్లా తేడా లేకుండా దేశంలో అందరూ మొదటిసారి ఓటేసిన మరుసటి ఏడు, ఓ శనివారం ఆమెను ఆ హోటల్‌కి తీసుకొచ్చి ముందు గుమ్మంలోంచే లోపలికి నడిపించాడు. ఒకప్పుడు అక్కడే గిన్నెలు తోమిన జూలూ మనిషి దూమిసాని ఇప్పుడు హెడ్ వెయిటర్. ఎదురొచ్చి, కిటికీ పక్క బల్ల దగ్గర ఇద్దరికీ కుర్చీలు లాగాడు. సూబయ్య కుర్చీ అంచునే కూర్చుని టీ తాగాడు. తాగీ తాగగానే లేచి కప్పులు ట్రేలో సర్దబోయాడు. దూమిసాని ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"బాబా, ఈ పని నాకు నేర్పింది నువ్వే. ఒక్కసారి నీకు చెయ్యనీ."

"కూకో మావా," అంది ప్రేమీ. "నీ డ్యూటీ అయిపోనాది."

సూబయ్య వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. అద్దం అవతల సముద్రాన్ని చాలాసేపు చూశాడు. ఇంకో టీ తెమ్మంటావా అని దూమిసాని అడిగితే ప్రేమీ వైపు చూశాడు.

"ఇద్దరికీ తీసుకురా తమ్ముడూ."